మూడు కిలోల గాలి

మా ఇంట్లో తప్పులు చేసే హక్కు నా ఒక్కడికే ఉంది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళుగా దాన్ని లోటు లేకుండా వాడుకుంటున్నాను. నా భార్య బ్యూలా మాత్రం ఎన్నడూ తప్పు చేయలేదు. ఎకసెక్కానికి అనడం లేదు. ఆమె సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు. మోండా మార్కెట్‌కి వెళ్తే కూరలావిడ కాటా మీంచి వంకాయలు తీసేలోపు మొత్తం ఎంతయిందో చెప్పేస్తుంది. కూరలావిడ వేళ్ళు మడిచి మడిచి చివరికి అదే అంకె చెప్పాక, బ్యూలా నా వంక తిరిగి "విన్నారా" అన్నట్టు చూస్తుంది. నేనేం చేశానని? సంచీ పట్టుకుని నిలబడ్డాను, అంతే కదా.

నా పేరు యెషయా. సికింద్రాబాద్ స్టేషన్లో పార్శిల్ క్లర్కుగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మామిడిపండ్ల బుట్టలు, చేపల పెట్టెలు, మోటారు సైకిళ్ళు, ఒకసారి సర్కసు వాళ్ళ చిలకలు, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఈ దేశంలో ఒక వస్తువు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా చేరుతుందో నాకు తెలిసినంత మా నేరేడ్‌మెట్ వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి ఇంట్లో నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

బ్యూలా రిటైరైన ఏడాది డిసెంబరులో తీరుబడిగా గులాబి పువ్వులు వేసింది. జారుగా కలిపిన పిండిలో కాలిన ఇనుప అచ్చు ముంచి నూనెలో పెడితే పువ్వులా విడివడే పిండివంట అది. మా వాళ్ళలో అది లేనిదే క్రిస్మస్ లేదు. చేతిలో పెడితే బరువు తెలియదు, గట్టిగా మాట్లాడితే విరుగుతుంది. మా చర్చి సంఘంలో ఒకామె విశాఖలో ఉన్న చెల్లెలికి పంపిపెట్టమంది. తర్వాత ఇంకొకాయన నాగపూర్‌లో ఉన్న అన్నకి పంపమన్నాడు. అలా నాలుగేళ్ళు తిరిగేసరికి మా ఇంట్లో అదొక వ్యాపారమైపోయింది. పెట్టెకు వంద పువ్వులు, పైన ఎర్ర రిబ్బను, లోపల బ్యూలా చేతిరాతతో క్రిస్మస్ శుభాకాంక్షలు. ఆ రాత చూసి పాత విద్యార్థులు ఇప్పటికీ ఉలిక్కిపడతారట.

ఈ ఏడాది నవంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ కాలేబు గారు ప్రకటనల్లో పెట్టె ధర చదివారు. కొరియర్ ఖర్చుతో కలిపి ఒకే ధర, దేశంలో ఎక్కడికైనా సరే, డిసెంబరు ఇరవై నాలుగు లోపల గుమ్మం ముందుకు. మా సంఘంలో ప్రకటనల్లో చదివిన మాటంటే ఆషామాషీ కాదు. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివాక పెళ్ళికొడుకు మనసు మార్చుకుంటే ఏమవుతుందో, పుల్పిట్ మీద నుంచి చదివిన ధర మార్చుకుంటే కూడా అదే అవుతుంది. నలభై రెండు పెట్టెలకు పేర్లు వచ్చాయి. డబ్బు ముందే ఇచ్చేశారు.

నేను ఆరోజే ఒక మాటన్నాను.

"బరువు ఒక్కటీ చూసుకుంటే చాలదు బ్యూలా. చోటుకి కూడా చార్జీ ఉంటుంది. మా ఆఫీసులో అయితే..."

"మీ ఆఫీసులో చిలకల్ని పంపారు," అంది బ్యూలా. "ఇది లెక్క. మీరు కాస్త ఊరుకోండి."

ఊరుకున్నాను. నాకది బాగా అలవాటు.

నవంబరు ఇరవై ఐదున మొదటి ఆరు పెట్టెలు ఆటోలో పెట్టుకుని సీతాఫల్‌మండి వెళ్ళాం. మా వీధి చివరే ఒక కొరియర్ కొట్టు ఉండగా అంత దూరం ఎందుకంటే, అక్కడ కౌంటరు తిరుమల్‌ది. తిరుమల్ బ్యూలా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు నలభై దాటాడు, పొట్ట వచ్చింది, అయినా ఆమె గడప తొక్కగానే చొక్కా పై గుండీ పెట్టుకుంటాడు.

"టీచర్, జెర ఆగుండ్రి," అన్నాడు తిరుమల్. "గీసారి రేట్లు మారినయ్."

వెనక గోడకు కాగితం అంటించి ఉంది. నవంబరు ఇరవై నుంచి జనవరి పది వరకు పార్శిల్ ఒక్కింటికి పండగ సీజన్ అదనపు చార్జీ. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క. పెట్టె బరువు, పెట్టె సైజు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ.

"పెట్టె కిలో ఎనిమిది వందలుంది. రెండు కిలోలు వేసుకో," అంది బ్యూలా.

"ఐదు కిలోలు సూపిస్తున్నది టీచర్."

"ఎలా చూపిస్తుంది? కాటా మీద పెట్టు."

"కాటా గాదు టీచర్. గీ కొత్త మెషిన్ పొడుగు, ఎడల్పు, ఎత్తు కొలుస్తది. నలభై, ముప్పై, ఇరవై. మూడిటిని గుణిస్తె ఇరవై నాలుగు వేలు. దాన్ని ఐదు వేల తోటి భాగిస్తె నాలుగు పాయింట్ ఎనిమిది. ఐదు కింద లెక్క."

బ్యూలా కళ్ళజోడు సర్దుకుంది. "మూడింటినీ గుణించాలని నీకెవరు చెప్పారు?"

"మీరే గద టీచర్. దీర్ఘఘనం, ఘనపరిమాణం. నాకు రాకుంటె బెంచి మీద నిలబెట్టిన్రు."

"సరే, పువ్వులు, అట్ట అన్నీ కలిపి రెండు కిలోలు. మిగతా మూడు కిలోలు ఏమిటి?"

"గాలి టీచర్."

"గాలికి డబ్బులు తీసుకుంటారా?"

"లారీల గాలి సుత జాగ పడ్తది గద. మామూలు దినాలల్ల చూసీ చూడనట్టు పంపుతుంటిమి. సీజన్ల లారీలు నిండిపోతున్నయ్, మీదికెళ్ళి మెషిన్లు పంపిచ్చిన్రు. నా చేతుల ఏం లేదు. మీరు పరేషాన్ గాకుండ్రి."

బెంచీ మీద ఒకాయన రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆన్‌లైన్‌లో దూది దిండ్లు అమ్ముకుంటాడట. "మీది మూడు కిలోలే కదమ్మా గాలి," అన్నాడు తల ఎత్తకుండానే. "నాది పదకొండు."

బ్యూలా హ్యాండ్‌బ్యాగులోంచి స్కేలు తీసింది. లెక్కల టీచర్లు రిటైరైనా స్కేలు వదలరు. మూడు వైపులా తానే కొలిచి, కౌంటరు మీదున్న రసీదు వెనక గుణించింది. ఇరవై నాలుగు వేలే వచ్చింది. జవాబు సరిగ్గా వచ్చినందుకు ఆమె ముఖం మాడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ ఆరు పెట్టెలకూ అడిగినంతా కట్టి వచ్చాం. ఇంటికొచ్చి బ్యూలా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లెక్క వేసింది. లాభం మాట దేవుడెరుగు, మిగిలిన ప్రతి పెట్టెకూ మేమే ఎదురు పెట్టుకోవాలి. ఇంకా ముప్పై ఆరు పెట్టెలున్నాయి. ఇలాగే పంపితే సగం పెట్టెలు వెళ్ళేసరికి మైదాకి, నూనెకి, గ్యాసుకి ఉంచిన డబ్బు కూడా కొరియర్‌కే పోతుంది.

"పోనీ వచ్చే ఆదివారం చెప్పేద్దాం, తప్పు జరిగిందని," అన్నాను.

"ఎవరి వల్ల జరిగింది తప్పు?"

నేను మంచినీళ్ళు తాగడానికి లేచాను. ఆమె బాధ నాకు తెలియనిది కాదు. మా సంఘంలో సగం మంది ఆమె దగ్గర చదివినవాళ్ళే. లెక్క తప్పినందుకు బెంచీ ఎక్కినవాళ్ళు, చెవి మెలి తిప్పించుకున్నవాళ్ళు, ఇప్పటికీ ఆమె వరసలో కూర్చోవడానికి జంకేవాళ్ళు. వాళ్ళందరి ముందూ లేచి, పిల్లల లెక్క తప్పానని చెప్పడం కన్నా పెన్షను మొత్తం కొరియర్ వాళ్ళకి రాసిచ్చేయడం నయమనుకుంది. ముప్పై ఏళ్ళ పేరు పోతుందని భయం. ధర పెంచితే మాట పోతుంది, పెంచకపోతే డబ్బు పోతుంది, నోరు విప్పితే పేరు పోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆమెకొక ఆలోచన వచ్చింది. "ఐదు కిలోలకి డబ్బు కడుతున్నప్పుడు ఐదు కిలోలూ పంపాలి. ఖాళీగా ఎందుకు పంపాలి?"

ఆ గాలి మీద ఆమెకు పగ పుట్టింది. పువ్వుల మధ్య ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ ఒక పప్పుచెక్క దూర్చింది. మూలల్లో కజ్జికాయలు కూరింది. పైన అరిసెలు పరిచింది. అప్పటికీ వేలు పట్టేంత చోటు మిగిలిందని ఉసిరికాయ పచ్చడి డబ్బా ఒకటి అడ్డంగా పెట్టింది. క్రిస్మస్ పెట్టెలో పచ్చడేమిటని అడిగాను. గాలి కన్నా నయమే కదా అంది. ఒక పెట్టె అలా కట్టి, నన్ను మోయమని, మళ్ళీ సీతాఫల్‌మండి బయలుదేరదీసింది.

తిరుమల్ కాటా మీద పెట్టాడు. ఐదు కిలోల మూడు వందలు.

"టీచర్, ఇప్పుడు సైజు తక్కువైంది, బరువు ఎక్కువైంది," అన్నాడు మెల్లిగా. "ఏది ఎక్కువుంటె గదే తీస్కుంటది. ఐదున్నర కిలోలు."

పెట్టె అక్కడే విప్పి చూశాం. పైన అరిసెలు కులాసాగా ఉన్నాయి. వాటి కింద వంద పువ్వులూ రవ్వరవ్వ అయిపోయాయి. దిండ్లాయన ఆరోజూ ఉన్నాడు, ఆయన ఇల్లు అదేనేమో మరి. నేను, ఆయన, తిరుమల్ తలా ఒక గుప్పెడు ఆ రవ్వ తిన్నాం. చాలా బాగుందని నేను పైకే అనేశాను. అనకుండా ఉండాల్సింది.

ఇక నా అనుభవం చెప్పే రోజు వచ్చిందనుకున్నాను. క్రిస్మస్‌కి సంఘం వాళ్ళు రైళ్ళ నిండా కోస్తా ఊళ్ళకు వెళ్తారు కదా, తలా రెండు మూడు పెట్టెలు చేతికిచ్చి పంపితే చార్జీయే ఉండదన్నాను. బ్యూలా మొదటిసారి నా మాట విని రోసమ్మ గారికి ఫోన్ చేసింది. రోసమ్మ గారు రాజమండ్రి వెళ్తున్నారు. మూడు పెట్టెలు సంతోషంగా పట్టుకెళ్తానన్నారు. అందుకుగాను ఆవిడకొక పెట్టె ఊరికే ఇవ్వాలి, మనవలిద్దరికీ దారిలో తినడానికి విడిగా కట్టాలి, నేను వెళ్ళి స్టేషన్లో దిగబెట్టాలి, జనవరిలో ఆవిడ బియ్యం మూటతో తిరిగొచ్చినప్పుడు మూట కోసం మళ్ళీ నేనే వెళ్ళాలి. కొరియర్ వాళ్ళయితే తమ సీజన్ చార్జీ గోడ మీద రాసైనా పెట్టారు. బ్యూలా రోసమ్మ గారికి వద్దులెండి అని చెప్పి, ఫోన్ పెట్టేసి, ఆరోజంతా నాతో మాట్లాడలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. ఆరాధన అయ్యింది, ప్రకటనలు మొదలయ్యాయి. కాలేబు గారు యువకుడు, మంచివాడు, ఆయనా బ్యూలా శిష్యుడే. కాగితం చదవడం అయ్యాక ఆయన తన సొంతంగా ఒక మాట కలిపారు.

"ఈ పండగకి కొరియర్ వాళ్ళు రేట్లు పెంచేశారని అందరూ అంటున్నారు. మన బ్యూలా టీచర్ గారు మాత్రం ఒక్క రూపాయి పెంచలేదు. టీచర్ గారి లెక్కంటే లెక్కే. ఇంకా పెట్టెలు కావలసినవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ముందు ఐదారు, తర్వాత ఒకరిని చూసి ఒకరు. బయట కొరియర్ చార్జీలు చూసొచ్చినవాళ్ళందరికీ మా ధర చవకగా కనిపించి ఉంటుంది. లేచిన ప్రతి చెయ్యీ మాకొక నష్టం. నేను బ్యూలా వంక చూశాను. పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందనుకున్నాను. చేతులు లెక్కపెడుతోంది.

"పదిహేడు," అని గొణిగి, లేచి నిలబడింది.

ఎత్తిన చేతులు గబుక్కున దిగిపోయాయి. ఏళ్ళనాటి భయం అలాంటిది.

"నేనొక లెక్క తప్పాను," అంది బ్యూలా. గొంతు మాత్రం వణకలేదు. "పెట్టెకి బరువు కట్టాను, చోటు కట్టలేదు. తొమ్మిదో తరగతి లెక్క. నలభై రెండు పెట్టెలకి మీరు డబ్బులిచ్చారు, ఆ ధరకే పంపుతాను, ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోను. కొత్తవి మాత్రం ఒప్పుకోలేను. తప్పు కొరియర్ వాళ్ళది కాదు, నాదే."

మా ఆయన ముందే చెప్పారు, నేను వినలేదు అని కూడా అంటుందేమోనని కాస్త సర్దుకుని కూర్చున్నాను. అనలేదు.

వెనక వరసలో బ్యాంకు ఆఫీసరు ఒకడు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదుపుతున్నాడు. కాలేబు గారికి ఏం చేయాలో తోచక "ప్రార్థన చేద్దాం" అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను గాని ప్రార్థన నా చెవికెక్కలేదు. నా భార్య మీద నాకు అంత ప్రేమ ఈ ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. పైకి అంటే వేళాకోళం చేస్తున్నాననుకుంటుందని అనలేదు. ఆటోలో ఇంటికి వచ్చినంతసేపూ ఆమె బయటికే చూస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. ఫెయిత్ వచ్చింది. ఫెయిత్‌కి సీతాఫల్‌మండిలో జాకెట్లు కుట్టే చిన్న కొట్టు ఉంది. మా సంఘమే, బ్యూలా దగ్గర చదువుకున్న పిల్లే. పిల్లంటే ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కన కూర్చుని, అందరికన్నా ముందు వెళ్ళిపోయే మనిషి. మా గడప ఎక్కడం అదే మొదటిసారి.

"వందనాలు టీచర్. మా అక్కకి పంపమన్న పెట్టె గురించి రాలేదు," అంది గుమ్మంలోనే. "వచ్చేటప్పుడు తిరుమల్ కొట్లో రేట్ల లెక్క అడిగొచ్చాను. ఊరికే ఒకసారి మీరు పెట్టె ఎలా సర్దుతున్నారో చూద్దామని."

బ్యూలా ఆమెను లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, కట్టి ఉంచిన పెట్టె ఒకటి విప్పి చూపించింది. పువ్వులన్నీ వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. పొరకి ఇరవై, ఒకదాని మీద ఒకటి ఐదు పొరలు, ప్రతి పొర మధ్య మెత్తటి కాగితం, దాని మీద అట్ట. ఫెయిత్ మెడలోంచి కొలత టేపు తీసి ఒక పువ్వు కొలిచింది. పెట్టె కొలిచింది.

"పడుకోబెడితే చోటు మింగేస్తాయి టీచర్," అంది ఫెయిత్. "నిలబెట్టి చూడండి. గాజుల కొట్లో గాజులు పెడతారు చూడండి, ఒకదాని ఒళ్ళో ఒకటి. అలా."

"విరుగుతాయమ్మా."

"విడిగా ఉంటేనే విరుగుతాయి. కదలడానికి చోటుండకూడదు. నేను గుడ్డ కత్తిరించేటప్పుడు కూడా అంతే టీచర్, ఒక ముక్క వంపులో ఇంకో ముక్క పెట్టుకుంటాను. లేకపోతే మీటరు పోయేచోట మీటరున్నర పోతుంది."

ఇద్దరూ కూర్చుని పువ్వులు నిలబెట్టడం మొదలుపెట్టారు. ఒకదాని రేకుల సందులో ఇంకోదాని రేకులు. వరసకి ఇరవై ఐదు పట్టాయి. పెట్టె అడుగున పక్కపక్కన పేర్చిన నాలుగు వరసలకే వంద పువ్వులూ అయిపోయాయి, పెట్టెలో పై సగం ఖాళీ. ఫెయిత్ కత్తెరతో పెట్టెని సగానికి కోసేసి, అట్ట మడిచి మూత చేసింది. టేపు అంటించి, ఎత్తి, నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. విప్పి చూస్తే రెండు విరిగాయి. తొంభై ఎనిమిది బాగున్నాయి.

"నలభై, ముప్పై, ఇప్పుడు ఎత్తు పది," అంది ఫెయిత్, అట్టముక్కలు ఏరుకుంటూ. "పన్నెండు వేలు. ఐదు వేలతో భాగిస్తే రెండు పాయింట్ నాలుగు. రెండున్నరకి వేస్తారు. ఆ సీజన్ చార్జీ కట్టినా ఇక మీ చేతి నుంచి పడదు టీచర్. వెళ్ళిపోయిన ఆరు పెట్టెల నష్టం కూడా చివరి పెట్టెకి తీరిపోతుంది."

బ్యూలా అప్పటికి పెన్ను మూత మాత్రమే తీసింది. నేను ఫోన్లో వేసి చూశాను. అక్షరాలా అంతే వచ్చింది.

"ఇంత లెక్క నోటితో వేస్తున్నావు," అంది బ్యూలా. "టెన్త్‌తో ఎందుకు ఆపేశావు నువ్వు?"

"లెక్కల్లో పోయింది కదా టీచర్. మళ్ళీ రాయలేదు. నాకు లెక్కలు రావు కదా."

"రావని ఎవరన్నారు?"

ఫెయిత్ కొలత టేపు చుట్టుకుంటోంది. టైమెంతని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీరే టీచర్. నైన్త్ బి సెక్షన్‌లో, అందరి ముందూ."

ముందురోజు చర్చి నిండా జనం ముందు గొంతు వణకని మనిషికి, ఇప్పుడు ఒక్క మాట రావడానికి ఎంతో సేపు పట్టింది.

"తప్పు చెప్పాను ఫెయిత్," అంది.

ఫెయిత్ తల దించుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకో అట్టపెట్టె దగ్గరికి లాక్కుంది.

"ఇంకా ఎన్నున్నాయి టీచర్?"

"నువ్వు చెప్పు," అంది బ్యూలా.

"నలభై రెండులో ఆరు వెళ్ళిపోయాయి. ఇదొకటి అయింది. ముప్పై ఐదు."

"కరెక్ట్," అంది బ్యూలా.